డబ్బా కొనే ముందు దవడ చూడండి

మీ గుర్రానికి ఇరవై ఏళ్లు దాటాయి. దాణా తగ్గించలేదు, పనీ పెంచలేదు. అయినా నెల నెలకీ పక్కటెముకలు తేలుతున్నాయి, వెన్నెముకకు రెండు వైపులా గుంటలు పడుతున్నాయి, జీను బిగించే పట్టీకి కొత్త రంధ్రం పొడవాల్సి వస్తోంది. చూసినవాళ్లంతా తలో సలహా పారేస్తున్నారు. నెయ్యి పట్టమని ఒకరు, గుడ్లు కొట్టి పోయమని ఇంకొకరు, ఫలానా కంపెనీ పొడి రెండు డబ్బాలు వాడితే నెలలో నిగనిగలాడుతుందని మరొకరు. "వయసైపోయింది సార్, ఇంకేం చేస్తాం" అని సైసు తేల్చేశాడు.

మరి మీరేం చేయాలి?

ముందు ఆ చివరి మాటను పక్కన పెట్టండి. వయసు రోగం కాదు. పాతికేళ్లు దాటి ఒళ్లు నిండుగా ఉన్న గుర్రాలు బోలెడు. ముసలి గుర్రం చిక్కిపోతోందంటే ఏదో కారణం ఉంది, చాలాసార్లు అది దొరుకుతుంది కూడా. మలక్‌పేట రేసుల్లో పరిగెత్తి రిటైరై రైడింగ్ స్కూలుకు చేరిన థరోబ్రెడ్ అయినా, ఏళ్ల తరబడి పెళ్లికొడుకులను మోసిన తెల్ల గుర్రమైనా, ఫామ్‌హౌస్‌లో పిల్లలను తిప్పిన పోనీ అయినా, లెక్క ఒక్కటే. ముందు కారణం, తర్వాత గడ్డి, ఆ తర్వాత దాణా. సప్లిమెంటు అన్నిటికన్నా చివర. మనలో ఎక్కువమంది ఈ వరసను తలకిందులు చేస్తాం. డబ్బు పోయేది అక్కడే, నెలలు పోయేదీ అక్కడే.

ముందు కొలవండి

1. చేత్తో తడిమి చూడండి. రోజూ చూసే కంటికి మార్పు ఆనదు. బొచ్చు దట్టంగా ఉంటే ఎముకలు కనపడవు. కడుపు జారి ఉంటే "పొట్ట బాగానే ఉందిగా" అని మోసపోతాం. నాసిరకం గడ్డి తిన్నా, కండ కరిగినా పొట్ట కిందికి జారుతుంది. అది కొవ్వు కాదు. అందుకే మెడ, మూపు, భుజం వెనక, పక్కటెముకలు, నడుము, తోక మొదలు, ఈ ఆరు చోట్లా అరచేత్తో ఒత్తి చూడండి. 1983లో అమెరికాలో హెన్నెకె బృందం తెచ్చిన 1 నుంచి 9 దాకా ఉన్న కొలమానం దీని మీదే నడుస్తుంది. 5 మంచి స్థితి. పక్కటెముకలు కంటికి కనపడకుండా చేతికి తగులుతుంటే మీరు అక్కడే ఉన్నట్టు. 4 కంటే కిందికి వస్తే ఈ అధ్యాయం మీకోసమే.

ఒక హెచ్చరిక. ఎముకల గూడులా మారి 1 లేదా 2 దగ్గరున్న గుర్రానికి జాలిపడి ఒక్కసారిగా దాణా కుమ్మరించకండి. ఆకలికి అలవాటుపడ్డ ఒంట్లోకి పిండిపదార్థం ఉన్నట్టుండి చేరితే రక్తంలో లవణాలు తారుమారై గుర్రం చనిపోవచ్చు. అలాంటి గుర్రాన్ని మొదటి రోజు నుంచే డాక్టరు పర్యవేక్షణలో, కొద్దికొద్దిగా లూసర్న్ మేపుతో కోలుకోనివ్వాలి.

2. టేపు పెట్టండి. తూకం లేకపోయినా దర్జీ టేపు చాలు. ముందుకాళ్ల వెనక నుంచి మూపు మీదుగా ఛాతీ చుట్టుకొలత తీసుకోండి. తర్వాత భుజం ముందు మొన నుంచి పిరుదు చివర దాకా పొడవు కొలవండి. రెండూ సెంటీమీటర్లలోనే. చుట్టుకొలతను దానితోనే గుణించి, వచ్చినదాన్ని పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే సుమారు బరువు కిలోల్లో వస్తుంది. చుట్టు 170, పొడవు 150 అయితే బరువు దాదాపు 365 కిలోలు. పదిహేను రోజులకోసారి ఒకే మనిషి, ఒకే వేళ కొలిచి నోటుబుక్కులో రాయాలి. అంకె అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, పెరుగుతోందా తగ్గుతోందా అన్నదే మనకు కావాలి.

3. అసలు వయసెంతో చూడండి. అమ్మినవాడు "పన్నెండే" అన్నాడా? పై వరుస ముందు పళ్లలో చివరి పన్ను చూడండి. దాని బయటి ముఖం మీద నిలువుగా ముదురు గాడి ఒకటి ఉంటుంది. సుమారు పదేళ్లకు చిగురు దగ్గర మొదలై, పదిహేనుకు సగం దాకా, ఇరవైకి పన్ను కొస దాకా వస్తుంది. ఆ తర్వాత చిగురు వైపు నుంచి చెరుగుతూ పోతుంది. ఇది ఉజ్జాయింపే. కానీ పన్నెండుకూ ఇరవై రెండుకూ తేడా చెప్పడానికి సరిపోతుంది.

ఇప్పుడు కారణం వెతకండి

4. నోరు. గుర్రం పళ్లు బతికినంతకాలం ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున బయటికి వస్తూ, అరుగుతూ ఉంటాయి. ఇరవై దాటాక చిగుళ్ల లోపలి పన్ను నిల్వ అడుగంటుతుంది. కొన్ని పళ్లు ఊడతాయి, కొన్ని కదులుతాయి, కొన్ని కత్తి అంచులా తయారై బుగ్గను కోస్తాయి. తినడం మానదు కాబట్టి మనకు అనుమానం రాదు.

ఇలా అనుకోండి. ఒక గుర్రం పూటకు రెండు కిలోల గడ్డి ఖాళీ చేస్తోంది. "మేత బాగానే తింటోంది సార్" అంటాడు సైసు. తొట్టి కింద చూస్తే సగం నమిలి పారేసిన తడి గడ్డి ముద్దలు. లద్దె విప్పి చూస్తే వేలెడు పొడవు గడ్డి పోచలు, పగలని గింజలు. ఆ గుర్రం తింటున్నట్టా, తిననట్టా?

తడి ముద్దలు ఉమ్మడం, తల ఒక పక్కకు వంచి నమలడం, నోటి దుర్వాసన, ఒక ముక్కు రంధ్రం నుంచి మాత్రమే చీము రావడం, వీటిలో ఏది కనిపించినా డాక్టరును పిలవండి. మీరు చెయ్యి పెట్టి చూడొద్దు. నోరు తెరిచి ఉంచే పరికరం పెట్టి, అవసరమైతే మత్తిచ్చి, కత్తి అంచులను ఆకురాయితో అరగదీయడం వాళ్ల పని. ఇరవై దాటిన గుర్రానికి ఈ పరీక్ష ఆరు నెలలకోసారి చేయించండి.

5. లద్దె. నట్టల మందు ఎప్పుడు వేశారు? ఏ మందు? ఎంత బరువుకు లెక్కగట్టి వేశారు? మూడింటిలో ఒకదానికి జవాబు లేకపోయినా, ముందు లద్దె నమూనా పరీక్షకు పంపండి. గ్రాముకు ఎన్ని గుడ్లున్నాయో చూసి మందు ఎంచుకోవాలి. మందు వేసిన రెండు వారాలకు మళ్లీ లెక్కబెడితే అది పనిచేసిందో లేదో తేలిపోతుంది. కంటి అంచనాతో తక్కువ మోతాదు వేస్తే పురుగు చావదు, పైగా మందుకు అలవాటుపడుతుంది.

6. రక్తం. మన దేశంలో చిక్కిపోయే గుర్రానికి సర్రా పరీక్ష చేయించకుండా దాణా మార్చడం దండగ. జోరీగలు కుట్టడం వల్ల సోకే ఈ జబ్బులో జ్వరం వచ్చి పోతుంటుంది, కాళ్లకూ పొట్ట కిందా నీరు దిగుతుంది, ఎంత పెట్టినా ఒంటికి పట్టదు. పిడుదుల వల్ల వచ్చే పైరోప్లాస్మోసిస్ కూడా గుర్రాన్ని ఇలాగే పీల్చేస్తుంది. ఈ జబ్బుల పరీక్షలకు హర్యానాలోని హిస్సార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉంది. నమూనా ఎలా పంపాలో మీ డాక్టరును అడగండి. అన్నట్టు, పిడుదులకని గేదెలకు కొట్టే అమిత్రాజ్ మందును గుర్రం మీద కొట్టకండి. పేగుల కదలిక ఆగి ప్రాణం మీదికి వస్తుంది.

ఎండాకాలం వచ్చినా పొడవాటి బొచ్చు రాలడం లేదా? వీపు మీద కండ కరిగి, నీళ్లు ఎక్కువగా తాగుతోందా? అది మెదడు కింది పిట్యూటరీ గ్రంథికి వచ్చే కుషింగ్స్ జబ్బు కావచ్చు. పదిహేనేళ్లు దాటిన గుర్రాల్లో ఇది అరుదు కాదు. పెర్గోలైడ్ అనే మందుతో అదుపులో ఉంటుంది. కానీ ఈ గుర్రానికి బెల్లం, గింజలు ఎక్కువైతే గిట్టలు వాచి నిలబడలేని స్థితి వస్తుంది. అదే రక్తంతో కాలేయం, మూత్రపిండాల పరీక్ష కూడా చేయించండి. మూత్రపిండాలు దెబ్బతింటే లూసర్న్, ఎక్కువ మాంసకృత్తులు మంచివి కావు. కాలేయం దెబ్బతింటే నూనె పనికిరాదు. ఈ సంగతి తెలియకుండా కింద చెప్పే కొత్త మేత, దాణా ఏవీ మొదలుపెట్టకండి.

7. పొరుగు. ఒక పూట పనులన్నీ మాని మేత దగ్గర కూర్చోండి. పడుచు గుర్రం చెవులు వెనక్కి పెట్టగానే మీ ముసలిది తొట్టి వదిలి పక్కకు జరుగుతోందా? కీళ్ల నొప్పులతో నీళ్ల తొట్టి దాకా నడవలేకపోతోందా? అయితే దానికి కావలసింది కొత్త దాణా కాదు, దాని వాటా దానికి దక్కే చోటు. విడిగా కట్టి, నిదానంగా తిననివ్వండి.

ఇక తొట్టిలోకి వద్దాం

8. గడ్డితో మొదలుపెట్టండి. గుర్రం ఉండాల్సిన బరువులో రోజుకు 2 శాతం ఎండు మేత పడాలి, అందులో కనీసం 1.5 శాతం పీచు. 400 కిలోలు ఉండాల్సిన గుర్రానికి మొత్తం 8 కిలోలు, అందులో 6 కిలోలు గడ్డి. మరి ఏ గడ్డి? వరిగడ్డి వేస్తుంటే బరువు పెరగలేదని ఆశ్చర్యపోవద్దు. దానిలో ఇసుక లాంటి సిలికా ఎక్కువ, పోషకం తక్కువ. ఎండిన గరిక, ఓట్ల గడ్డి మేలు. దానికి లూసర్న్ తోడైతే మాంసకృత్తులు, కాల్షియం కలిసొస్తాయి.

9. నమలలేకపోతే నానబెట్టండి. ముసలి గుర్రం మేపులో అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చేది ఈ పనే, ఖర్చు లేనిదీ ఇదే. లూసర్న్ పెల్లెట్లకు రెండు మూడింతల నీళ్లు పోసి, గోరువెచ్చని నీళ్లయితే అరగంట, చన్నీళ్లయితే గంటా రెండు గంటలు వదిలేయండి. వేళ్లతో నలిపితే గట్టి పలుకు తగలకూడదు. పెల్లెట్లు దొరక్కపోతే మెత్తని ఎండుగడ్డిని చాఫ్ కట్టర్‌తో సన్నగా కొట్టి నానబెట్టండి. దవడ పళ్లు దాదాపు లేనట్టే అయితే రోజు మొత్తం మేతను ఇలాగే నాలుగైదు పూటలుగా ఇవ్వాలి. ఎండాకాలంలో ఏ పూటకాపూట కలపండి, పులిసినది పెట్టకండి.

పొడి పెల్లెట్లు ఆత్రంగా మింగితే గొంతు కింద ఇరుక్కుంటాయి. మెడ చాచి దగ్గుతూ, ముక్కుల్లోంచి మేత కలిసిన నురగ కారుస్తుంటే మేత, నీళ్లు రెండూ తీసేసి వెంటనే డాక్టరును పిలవండి. నోట్లో నీళ్లు పోసి దింపాలని చూస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

10. గింజలు కొద్దిగా, ఉడికించి. బార్లీని నానబెట్టి ఉడికిస్తే పిండిపదార్థం బాగా అరుగుతుంది. ఉలవలు మన గుర్రాలకు తరతరాల తిండి. వాటిలో ఐదో వంతుకు పైగా మాంసకృత్తులే. కానీ పచ్చి ఉలవల్లో ఆ మాంసకృత్తులను అరగనివ్వని పదార్థాలు కూడా ఉంటాయి. అందుకే గుగ్గిళ్లు చేసే పెట్టాలి. 400 కిలోల గుర్రానికి ఒక పూటకు గింజలన్నీ కలిపి కిలోన్నర దాటనివ్వకండి. కుషింగ్స్ ఉన్నా, గిట్టల వాపు వచ్చి తగ్గినా, గింజలు మానేసి ఆ శక్తిని నూనె నుంచి, లూసర్న్ నుంచి తీసుకోండి.

11. కండకు కావలసింది మాంసకృత్తులు. కడుపు నిండుతోంది, పక్కటెముకలు కప్పుకుంటున్నాయి, వీపు మాత్రం బోసిగానే ఉందా? కొవ్వు చేరింది, కండ చేరలేదు. అక్కడ కావలసింది లైసిన్ అనే అమైనో ఆమ్లం. నూనె తీసిన సోయా చెక్కలో అది పుష్కలం, వేరుశనగ చెక్కలో తక్కువ. పైగా వేరుశనగ చెక్క నిల్వలో బూజు పట్టి అఫ్లటాక్సిన్ చేరే ప్రమాదం ఉంది. దీనితోపాటు మెల్లగా నడిపించండి. కదలని ఒంట్లో కండ పెరగదు.

12. నూనె, మెట్టుమెట్టుగా. 100 మి.లీ. నూనె సుమారు 800 కిలోకేలరీలు ఇస్తుంది, గిట్టలకు ముప్పు తేదు. సోయా నూనె, తవుడు నూనె ఏదైనా ఫర్వాలేదు. రెండు చెంచాలతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో 150 మి.లీ.కి చేర్చండి. లద్దె జిడ్డుగా, పలచగా మారితే ఒక మెట్టు కిందికి దిగండి. నూనె పెరిగేకొద్దీ విటమిన్ ఇ అవసరం కూడా పెరుగుతుంది. ప్రతి 100 మి.లీ.కి కనీసం 100 ఐయూ కలపండి.

13. ఉప్పు, నీళ్లు. రోజుకు 25 నుంచి 30 గ్రాముల మామూలు ఉప్పు మేతలో కలపండి. నీళ్లు తక్కువ తాగే ముసలి గుర్రానికి పేగులో మేత గట్టిపడి కడుపునొప్పి వస్తుంది. రాయలసీమ మే నెల ఎండలో తొట్టి నీళ్లు కాగిపోతాయి, కాబట్టి నీడలో పెట్టి తరచూ మార్చండి.

400 కిలోలు ఉండాల్సిన, పరీక్షల్లో ఏ జబ్బూ లేదని తేలిన గుర్రానికి ఒక రోజు మేత ఇలా ఉండొచ్చు:

- ఎండిన గరిక లేదా ఓట్ల గడ్డి 4 కిలోలు, రాత్రికి ఎక్కువ భాగం
- లూసర్న్ 2 కిలోలు, నానబెట్టి
- బార్లీ 700 గ్రాములు, ఉలవలు 400 గ్రాములు, ఉడికించి (తూకం ఉడకక ముందుది)
- సోయా చెక్క 300 గ్రాములు
- నూనె 150 మి.లీ., పొడి చేసిన అవిసె గింజలు 60 గ్రాములు
- ఉప్పు 30 గ్రాములు, గుర్రాల కోసం చేసిన ఖనిజ మిశ్రమం డబ్బా మీద చెప్పినంత

గడ్డి మినహా మిగతాదాన్ని నాలుగు పూటలుగా పంచండి. ఇప్పుడు పెడుతున్న మేత నుంచి దీనికి ఒక్క రోజులో దూకొద్దు. పది నుంచి పద్నాలుగు రోజులు తీసుకోండి.

అందరూ చేసే పొరపాట్లు

గేదెల దాణా పెట్టడం. చౌక అని, చేతికందిందని పెట్టేస్తారు. పశువుల దాణాలోనూ కోళ్ల దాణాలోనూ కలిపే మోనెన్సిన్ గుర్రానికి గుండె మీద దెబ్బకొట్టే విషం. గేదెకు హాని చేయని మోతాదే గుర్రాన్ని చంపగలదు.

తవుడు మీద తవుడు. వరి తవుడులో గానీ గోధుమ పొట్టులో గానీ భాస్వరం కాల్షియానికి ఎన్నో రెట్లు ఎక్కువ. రోజూ దండిగా పెడితే, ఆ తేడా పూడ్చుకోవడానికి ఒళ్లు ఎముకల్లోని కాల్షియాన్ని తోడుకుంటుంది. దవడ ఎముకలు ఉబ్బుతాయి, కుంటుతుంది. తవుడు త్వరగా కంపు కొడుతుంది కూడా.

నేపియర్ ఒక్కటే మేపడం. పెరట్లో సూపర్ నేపియర్ ఏపుగా ఉందని అదే వేస్తున్నారా? దానిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసి, ఒంటికి అందనివ్వవు. కొంచెం వేసి, లూసర్న్ తోడివ్వండి. పచ్చి జొన్న చొప్పనూ ప్రధాన మేతగా పెట్టకండి, మూత్రాశయం, వెనక కాళ్లు దెబ్బతింటాయి.

సుబాబుల్ ఆకు. మేకలు ఇష్టంగా తింటాయి, నిజమే. గుర్రానికి మాత్రం దానిలోని మిమోసిన్ వల్ల జూలు, తోక వెంట్రుకలు ఊడిపోతాయి.

పాలు, బెల్లం. పెద్ద గుర్రానికి పాలలోని చక్కెర అరగదు, పారుడు పడుతుంది. బెల్లం ముక్క మందు తినిపించడానికి సరే, బరువు పెంచడానికి కాదు.

మరి డబ్బాల సంగతి?

ఇప్పుడు అడగండి. పై పనులన్నీ అయ్యాక ఇంకా మిగిలిన లోటును పూడ్చేదే సప్లిమెంటు. వరసగా చెప్పాలంటే, ఖనిజ మిశ్రమం అన్ని గుర్రాలకూ అవసరం, ఎందుకంటే ఎండుగడ్డి, ఇంట్లో కలిపిన దాణా రాగి, జింకు, సెలీనియం సరిపడా ఇవ్వకపోవచ్చు. కానీ సెలీనియం ఎక్కువైతే విషం, రెండు కంపెనీల డబ్బాలు కలిపి వాడకండి. పచ్చిక దొరకని గుర్రానికి విటమిన్ ఇ ఇవ్వాలి. ఈస్ట్ పీచు అరగడానికి కొంత తోడ్పడుతుంది. బయోటిన్ గిట్టలకు, అదీ నెలల తరబడి వాడితేనే. బరువుకు కాదు. లివర్ టానిక్ అయితే రక్తపరీక్ష చూసి డాక్టరు రాస్తేనే కొనండి.

ఏ డబ్బా కొన్నా దుకాణంలోనే మూడు ప్రశ్నలు వేయండి. ఇందులో ఏముందో గ్రాముల్లో రాశారా? నా గుర్రానికి ఆ లోటు ఉందని నాకెలా తెలుసు? పనిచేసిందో లేదో ఎన్ని రోజుల్లో, దేన్ని చూసి తేల్చుకుంటాను? మూడింటికీ జవాబు ఉంటేనే జేబులో చెయ్యి పెట్టండి. ఒకేసారి మూడు డబ్బాలు మొదలుపెడితే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ఎన్నాళ్లు ఆగాలి?

హెన్నెకె కొలమానం మీద ఒక మెట్టు ఎక్కాలంటే సుమారు 20 కిలోలు పెరగాలి. మూడు నెలల్లో అది జరగాలంటే మామూలు అవసరానికి పైన దాదాపు నాలుగో వంతు శక్తి అదనంగా అందాలి. కాబట్టి పదిహేను రోజులకే "ఏం లాభం లేదు" అని మేత మార్చకండి. మొదట లద్దె బాగుపడుతుంది, తర్వాత బొచ్చు మెరుస్తుంది, ఆ తర్వాత పక్కటెముకలు కప్పుకుంటాయి. వీపు కండ అన్నిటికన్నా చివర. నెలన్నర దాటినా టేపు అంకె కదలలేదా? దాణా పెంచకండి, మళ్లీ నాలుగో అంశానికి వెళ్లండి. ఏదో కారణం మీ కన్నుగప్పింది.

కొన్ని గుర్రాలు అన్నీ చేసినా పూర్వంలా నిండవు. అప్పుడు గురి మార్చుకోండి. 5కు బదులు 4 దగ్గర నిలకడగా, నొప్పి లేకుండా, ఇష్టంగా తింటూ ఉంటే అదీ విజయమే. ఆ గుర్రంతో ఊరేగింపులు, స్వారీలు మాన్పించడం కూడా మేపులో భాగమే, ఖర్చయ్యే శక్తి తగ్గితే మిగిలేది ఒంటికి పడుతుంది.

ఈ వారం చేయాల్సినవి

1. ఈరోజు: చేత్తో తడిమి స్కోరు, టేపు కొలత, పక్క నుంచి ఒక ఫోటో.
2. రేపు: మేత వేళ గంటసేపు పక్కన కూర్చోండి. తొట్టి కింద ముద్దలున్నాయా, లద్దెలో పొడవు పోచలున్నాయా చూడండి.
3. ఎల్లుండి: డాక్టరుకు ఫోన్. నోరు, లద్దె, సర్రాతో సహా రక్త పరీక్ష, మూడూ ఒకే విజిట్‌లో అడగండి.
4. ఆ ఫలితాలు వచ్చేలోగా: గేదెల దాణా ఉంటే ఆపండి, ఇప్పుడు పెడుతున్న మేతనే నానబెట్టడం మొదలుపెట్టండి, గుర్రాన్ని విడిగా తిననివ్వండి.
5. వారాంతానికి: పైన చెప్పిన రోజు మేతను మీ గుర్రం బరువుకు సరిపడా మార్చి రాసి, డాక్టరు చేత ఒకసారి సరిచూపించి, సైసు చేతికివ్వండి. కొలతకు ఒక డబ్బా, తూకానికి ఒక చిన్న త్రాసు కూడా ఇవ్వండి. "రెండు దోసిళ్లు" అనే లెక్క మనిషికో తీరుగా ఉంటుంది, మూడు నెలల మీ శ్రమ దాని మీద ఆధారపడకూడదు.